గేమింగ్ ల్యాప్‌టాప్ సెగలు కక్కుతోందా? వారంటీ ఉండగానే కాగితం మీదికి తెచ్చుకోండి

హైదరాబాద్: టోలీచౌకిలో ఉండే ఓ ఇంజనీరింగ్ విద్యార్థికి కాలేజీ మొదలయ్యే ముందు, జూన్ నెలలో ఇంట్లోవాళ్లు గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు. ధర 85 వేల రూపాయలు. జిద్దాలో ఓ షాపులో పనిచేసే తండ్రి నెలనెలా పక్కన పెట్టి పంపిన డబ్బు అది. పగలు కాలేజీ ప్రాజెక్టులు, రాత్రి షాదీ వీడియోల ఎడిటింగ్, తీరిక దొరికితే గేమ్స్. ఎడిటింగ్ మీద వచ్చే డబ్బుతోనే కాలేజీ ఖర్చులు వెళ్లదీసుకునేవాడు.

ఏప్రిల్ వచ్చేసరికి సమస్య మొదలైంది. కీబోర్డు మధ్యలో వేలు పెట్టలేనంత వేడి. ఫ్యాన్ల మోత పక్క గదిలోకి వినిపించేది. ముందు 20 నిమిషాల్లో అయ్యే వీడియో ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు 40 నిమిషాలు తీసుకుంటోంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లమన్నారు. అక్కడ అరగంట చూసి, "గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే వేడెక్కుతుంది బాబూ, ఇది నార్మలే" అని తిరిగిచ్చేశారు. చేతికి ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు. ఈ కుర్రాడూ అడగలేదు.

తర్వాత ఇంటి దగ్గరి రిపేర్ షాపులో విప్పించాడు. దుమ్ము తీసి, పేస్ట్ మార్చారు. వారం పది రోజులు బాగానే నడిచింది. వారంటీకి ఇంకా మూడు వారాలు ఉందనగా ల్యాప్‌టాప్ ఆన్ కావడం మానేసింది. మళ్లీ సర్వీస్ సెంటర్‌కు వెళితే, "మదర్‌బోర్డు పోయింది. బయట ఓపెన్ చేయించారు కాబట్టి వారంటీ వర్తించదు" అన్నారు.

ఆ రాత్రి జిద్దా నుంచి తండ్రి ఫోన్‌లో అడిగింది ఒకటే. "బేటా, మొదటిసారి వెళ్లినప్పుడు వాళ్లు రాసిచ్చిన కాగితం ఉందా?"

లేదు.

ఇలాంటి పరిస్థితి చాలా ఇళ్లలో వస్తూనే ఉంటుంది. స్క్రీన్ పగిలితే కంటికి కనిపిస్తుంది, కీ ఊడిపోతే చూపించొచ్చు. వేడి మాత్రం సర్వీస్ సెంటర్ ఏసీ గదిలోకి వెళ్లేసరికి చల్లారిపోతుంది. అందుకే వేడి సమస్యను వారంటీ ఉండగానే తేదీతో, అంకెలతో, రాతపూర్వకంగా నమోదు చేయించుకోవాలి. అది ఎలాగో, దానికి ముందు ఇంట్లో ఏం చూసుకోవాలో, కంపెనీ వినకపోతే ఎక్కడికి వెళ్లాలో చూద్దాం.

అసలు అంత వేడి ఎందుకు?

మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌కు 65 వాట్ల ఛార్జర్ సరిపోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌కు 180 నుంచి 330 వాట్ల ఇటుకలాంటి అడాప్టర్ ఇస్తారు. గేమ్ ఆడేటప్పుడు సీపీయూ, గ్రాఫిక్స్ చిప్ అంటే జీపీయూ కలిసి ఈ కరెంటును లాగుతాయి. ఆ కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉన్న డబ్బాలో ఒక చిన్న హీటర్ పెట్టినట్టు అనుకోవచ్చు.

ఆ వేడిని బయటికి పంపే దారి ఇలా ఉంటుంది. చిప్ మీద పల్చగా థర్మల్ పేస్ట్ రాసి, దాని మీద రాగి పలక బిగిస్తారు. పలక నుంచి హీట్ పైపులు అనే రాగి గొట్టాలు వెళతాయి. వాటిలో కొద్దిగా ద్రవం ఉంటుంది. వేడి తగిలిన చోట అది ఆవిరై, చల్లని చివర మళ్లీ ద్రవంగా మారి వెనక్కి వస్తుంది. ఆ చివర సన్నటి లోహపు రేకులు ఉంటాయి. ఫ్యాన్లు కింది నుంచి గాలి పీల్చి ఆ రేకుల మధ్యగా వెనక్కి, పక్కలకు ఊదుతాయి.

ఈ దారిలో ఎక్కడ అడ్డం వచ్చినా వేడి లోపలే ఉండిపోతుంది. రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకోవచ్చు. పేస్ట్ ఎండిపోవచ్చు. ఫ్యాన్ బేరింగ్ అరిగిపోవచ్చు. ఫ్యాక్టరీలోనే రాగి పలక సరిగా కూర్చోకపోయి ఉండొచ్చు. మొదటి రెండూ వాడకంతో వచ్చేవి. చివరిది ఖచ్చితంగా తయారీ లోపం. కంపెనీతో గొడవంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

ఎంత వేడి మామూలు? ఎంత వేడి లోపం?

సర్వీస్ సెంటర్ చెప్పే "నార్మలే" అన్న మాట ప్రతిసారీ అబద్ధం కాదు. గేమ్ ఆడేటప్పుడు సీపీయూ 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం ఈ తరహా ల్యాప్‌టాప్‌లలో మామూలే. అప్పుడప్పుడు కొన్ని క్షణాలు 95 తాకడం కూడా కనిపిస్తుంది. చాలా సీపీయూలకు 95 నుంచి 105 డిగ్రీల మధ్య గరిష్ఠ హద్దు ఉంటుంది. జీపీయూకు ఆ హద్దు ఇంకా తక్కువ, సుమారు 87 డిగ్రీల దగ్గర.

హద్దు తాకగానే చిప్ కాలిపోదు. తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. 20 నిమిషాల ఎక్స్‌పోర్ట్ 40 నిమిషాలు కావడం వెనుక ఉన్నది ఇదే. అప్పటికీ వేడి తగ్గకపోతే ల్యాప్‌టాప్ ఒక్కసారిగా ఆఫ్ అయిపోతుంది.

లోపం అని అనుమానించాల్సిన గుర్తులు ఇవి:

- గేమ్ పెట్టిన నిమిషం రెండు నిమిషాల్లోనే హద్దు తాకి, అక్కడే ఉండిపోవడం. దాంతోపాటు వేగం బాగా పడిపోవడం.
- ఏ పనీ చేయకుండా డెస్క్‌టాప్ తెరిచి ఉంచినా 75, 80 డిగ్రీల దగ్గర ఉండటం.
- ఒక సీపీయూ కోర్ మిగతా వాటికంటే ఎప్పుడూ 15, 20 డిగ్రీలు ఎక్కువ చూపించడం. పేస్ట్ సరిగా పరుచుకోలేదనో, పలక ఒకవైపు లేచిందనో అనుమానించాలి.
- ఒక ఫ్యాన్ తిరగకపోవడం, గరగరమనే శబ్దం, ఒకవైపు గాలి రాకపోవడం.
- పని మధ్యలో హఠాత్తుగా ఆఫ్ కావడం.
- టచ్‌ప్యాడ్ పైకి లేవడం, కింది మూత ఉబ్బడం. ఇది బ్యాటరీ ఉబ్బిందన్న గుర్తు. ఇక వాడకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు, ఎవరితోనూ గుచ్చి చూడనివ్వకూడదు. నేరుగా సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి.

గది వేడిని కూడా లెక్కలో వేసుకోవాలి. గది 10 డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో 82 చూపించిన ల్యాప్‌టాప్ మే నెలలో రేకుల కప్పు కింద, పై అంతస్తు గదిలో 93 చూపిస్తే అది ల్యాప్‌టాప్ తప్పు కాకపోవచ్చు. తెల్లవారుజామున, గది చల్లగా ఉన్నప్పుడు కూడా 98 దగ్గరే ఆగిపోతే మాత్రం అనుమానించాల్సిందే.

ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి

కంపెనీకి ఫిర్యాదు చేసే ముందు మన వైపు తప్పు లేదని తేల్చుకోవడం మంచిది. లేదంటే వాళ్ల మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

ల్యాప్‌టాప్ పరుపు మీద, దిండు మీద, ఒళ్లో పెట్టుకుని గేమ్ ఆడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. గట్టి బల్ల మీద పెట్టి, వెనుక భాగం కింద రెండు అంగుళాల ఎత్తు పెడితే చాలు, కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. కూలింగ్ ప్యాడ్ కూడా దాదాపు ఇంతే పని చేస్తుంది. అది పెడితే అన్నీ సర్దుకుంటాయని అనుకోవద్దు.

ఎండాకాలంలో చాలామంది నీళ్ల కూలర్ ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టుకుంటారు. కూలర్ గాలితో నీటి తుంపర్లు లోపలికి వెళితే అసలు సమస్య పక్కకుపోయి "లిక్విడ్ డ్యామేజ్" అన్న ముద్ర పడుతుంది. తడి తగిలితే రంగు మారే స్టిక్కర్లు కొన్ని మోడళ్లలో లోపలే ఉంటాయి. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి ప్రయోగాలూ వద్దే వద్దు.

బయటి నుంచి దుమ్ము తీయాలంటే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేసి, గాలి రంధ్రాల్లోకి బ్లోయర్‌తో కొద్దికొద్దిగా గాలి కొట్టాలి. ఆ గాలికి ఫ్యాన్ గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. అందుకే ఒక్కసారిగా గట్టిగా కొట్టకూడదు.

సెట్టింగ్స్‌లో చేయగలిగినవి కూడా ఉన్నాయి. గేమ్‌లో ఫ్రేమ్ రేట్‌ను 60 దగ్గర ఆపేస్తే జీపీయూ మీద భారం బాగా తగ్గుతుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి మారిస్తే చాలా మోడళ్లలో టర్బో వేగం ఆగిపోయి సీపీయూ చల్లబడుతుంది. వేగం కొంత తగ్గుతుంది. కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్లు వేసుకోవాలి. ఫ్యాన్ వేగం సర్దుబాటు కొన్నిసార్లు వాటిలోనే వస్తుంది.

ఇంకో మాట. ఫ్రీగా దొరికాయని డౌన్‌లోడ్ చేసిన క్రాక్ గేమ్స్‌తో పాటు క్రిప్టో మైనింగ్ వైరస్‌లు రావడం కొత్తేమీ కాదు. ఏ గేమూ తెరవకుండానే ఫ్యాన్లు మోగుతుంటే టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రాం సీపీయూను, జీపీయూను తింటోందో చూడాలి.

అరగంట టెస్ట్: అంకెలు చేతిలో ఉండాలి

ఇవన్నీ చేశాక కూడా వేడి తగ్గకపోతే సాక్ష్యం తయారు చేసుకోవాలి. దీనికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు.

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే సీపీయూ, జీపీయూ ఉష్ణోగ్రతలు, వాటి వేగం, థ్రాట్లింగ్ జరుగుతోందా లేదా అన్నది కనిపిస్తుంది. ఆ అంకెలన్నీ ఫైల్‌గా కూడా సేవ్ అవుతాయి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, ఛార్జర్ తగిలించి, కంపెనీ ఇచ్చిన సాధారణ పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టాలి. ఓవర్‌క్లాకింగ్ లాంటివి ఏవీ ఉండకూడదు. ఐదు నిమిషాలు ఖాళీగా ఉంచి అంకెలు చూడాలి. తర్వాత ఎప్పుడూ ఆడే గేమ్‌నో, చేసే ఎక్స్‌పోర్ట్‌నో అరగంట నడపాలి.

గది వేడి ఎంత ఉందో, టైం ఎంతయిందో రాసుకోవాలి. స్క్రీన్‌ను, ల్యాప్‌టాప్ పెట్టిన బల్లను కలిపి ఫోన్‌తో చిన్న వీడియో తీసుకోవాలి. ఫ్యాన్ శబ్దం కూడా అందులో వినపడుతుంది. రెండు మూడు రోజులు, వేర్వేరు సమయాల్లో ఇలా చేస్తే చాలు. "చాలా వేడెక్కుతోంది సార్" అన్న మాటకు, "గది 29 డిగ్రీలు ఉండగా రెండు నిమిషాల్లో 99కి చేరి, వేగం సగానికి పడిపోతోంది" అన్న మాటకు బరువులో తేడా ఉంటుంది.

కొత్త ల్యాప్‌టాప్ కొన్న మొదటి వారంలోనే ఈ టెస్ట్ ఒకసారి చేసి దాచుకుంటే ఇంకా మేలు. తర్వాత పోల్చి చూపించడానికి పనికొస్తుంది.

వారంటీ కాగితంలో ఏం రాసి ఉంటుంది?

వారంటీ అంటే మెటీరియల్‌లో, తయారీలో లోపం ఉంటే కంపెనీ తన ఖర్చుతో సరిచేస్తానన్న మాట. కింద పడటం, నీళ్లు పడటం, కరెంటు హెచ్చుతగ్గులు, బయటివాళ్ల మరమ్మతు వంటివి మామూలుగా అందులో రావు. ప్రమాదవశాత్తూ జరిగే నష్టానికి వేరే ప్లాన్ కొనుక్కోవాలి. ల్యాప్‌టాప్‌కు రెండు మూడేళ్ల వారంటీ ఉన్నా, బ్యాటరీకి చాలా కంపెనీలు ఏడాదే ఇస్తాయి. ఆన్‌సైట్ అని ఉంటే టెక్నీషియన్ ఇంటికి వస్తాడు. క్యారీ ఇన్ అని ఉంటే మనమే మోసుకెళ్లాలి.

చాలామంది చూడని విషయం వారంటీ ఎప్పటి నుంచి మొదలైంది అన్నది. సీరియల్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ తేదీలు కనిపిస్తాయి. కొన్నిసార్లు అందులో ఫ్యాక్టరీ నుంచి సరుకు బయల్దేరిన తేదీ ఉంటుంది. షాపులో ల్యాప్‌టాప్ మూడు నెలలు పడి ఉంటే మన వారంటీలో మూడు నెలలు మాయమైనట్టే. బిల్లు పంపి తేదీ సరిచేయించుకోవచ్చు. ఈ పని కొన్న వారంలోనే చేయాలి.

ఇక్కడే బిల్లు విలువ తెలుస్తుంది. "బిల్లు లేకుండా అయితే జీఎస్టీ తగ్గిస్తాం" అని కొన్ని షాపుల్లో అంటారు. ల్యాప్‌టాప్‌పై జీఎస్టీ 18 శాతం. 85 వేల బిల్లులో అసలు ధర సుమారు 72,034, పన్ను సుమారు 12,966 రూపాయలు. 13 వేలు మిగిలాయని సంబరపడితే వారంటీ తేదీకి ఆధారం పోతుంది, రేపు కేసు వేయడానికి ఆధారమూ పోతుంది. అసలు బిల్లు ఇవ్వకపోవడమే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

గల్ఫ్ నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ అయితే?

మన దగ్గర చాలా ఇళ్లలో దుబాయ్ నుంచో, సౌదీ నుంచో వచ్చేవాళ్ల చేత ల్యాప్‌టాప్ తెప్పించుకుంటారు. ధర కొంత తక్కువ పడొచ్చు. అయితే వారంటీ కొన్న దేశానికే పరిమితమా, అంతర్జాతీయమా అన్నది బ్రాండ్‌ను బట్టి, ఒకే బ్రాండ్‌లో మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. అంతర్జాతీయ వారంటీ ఉన్నా అదే మోడల్ భారత్‌లో అమ్మకపోతే పార్టులు రావడానికి ఆలస్యం కావచ్చు.

కొనేముందే మోడల్ నంబర్ చెప్పి, భారత్‌లో సర్వీస్ ఇస్తారా అని కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబు దాచుకోవాలి. షాపువాడు నోటితో చెప్పిన "ఇంటర్నేషనల్ వారంటీ భాయ్" అన్న మాట ఇక్కడి కౌంటర్‌లో చెల్లదు. విదేశంలో కొన్న బిల్లును కూడా ఫొటో తీసి పెట్టుకోవాలి. థర్మల్ కాగితం మీద అచ్చయిన బిల్లు ఏడాది తిరిగేసరికి తెల్లబడిపోతుంది.

సర్వీస్ సెంటర్‌కు ఇచ్చే ముందు

డేటా పోతే కంపెనీ బాధ్యత కాదని దాదాపు ప్రతి వారంటీ షరతుల్లో రాసి ఉంటుంది. అందుకే ముందు మొత్తం బ్యాకప్ తీసుకోవాలి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోవాలి. మదర్‌బోర్డు మార్చాక అది అడుగుతుంది. అప్పుడు దగ్గర లేకపోతే డేటా చేతికి రాదు.

డేటా భద్రమేనా అన్నది ఒక ప్రశ్న, ఎవరి కంట పడుతుంది అన్నది మరో ప్రశ్న. ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు, షాదీ వీడియోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు అన్నీ అందులోనే ఉంటాయి. వాటిని వేరే డ్రైవ్‌లోకి మార్చి ల్యాప్‌టాప్ నుంచి తీసేయాలి. ఈమెయిల్, వాట్సాప్ లాగౌట్ చేయాలి. టెస్ట్ చేయడానికి పాస్‌వర్డ్ అడిగితే మనదే ఇవ్వకుండా, ఖాళీ అకౌంట్ ఒకటి తయారు చేసి దానిది ఇవ్వాలి. పెళ్లివాళ్లు నమ్మి ఇచ్చిన వీడియోలు బయటికి పొక్కితే పోయేది ల్యాప్‌టాప్ డబ్బు మాత్రమే కాదు.

జాబ్ షీట్ లేకుండా బయటికి రావద్దు

టోలీచౌకి విద్యార్థి చేసిన అసలు పొరపాటు ఇదే. ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టిన క్షణం నుంచి జాబ్ షీట్ అడగాలి. అందులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోవాలి:

- ఇచ్చిన తేదీ, సీరియల్ నంబర్, ఫిర్యాదు నంబర్.
- సమస్య మన మాటల్లో. "స్లో" అని రాస్తే ఒప్పుకోవద్దు. "లోడ్ మీద 99 డిగ్రీలు, థ్రాట్లింగ్, రెండుసార్లు తనంతట తానే ఆఫ్ అయింది" అని రాయించాలి.
- ల్యాప్‌టాప్ బయటి స్థితి. గీతలు, సొట్టలు ముందే ఉన్నాయా లేదా. మనమూ ఫొటో తీసుకోవాలి.
- ఛార్జర్ ఇచ్చామా లేదా, ఎప్పుడు తిరిగి ఇస్తారు.

చూసి "అంతా నార్మల్" అంటే కోపం వద్దు, గొడవ వద్దు. "సరే సార్, అదే రాసివ్వండి. ఏ టెస్ట్ చేశారు, ఎన్ని డిగ్రీలు వచ్చింది, అది కూడా రాయండి" అని అడగాలి. రాసివ్వకపోతే ఆ రోజే కంపెనీకి ఈమెయిల్ పంపాలి: ఫలానా తేదీన వెళ్లాం, ఇలా చెప్పారు, కాగితం ఇవ్వలేదు, మా టెస్ట్ అంకెలు, వీడియో ఇవిగో. ఆ ఈమెయిల్ తేదీ వారంటీ లోపల ఉంటే, సమస్య వారంటీలోనే మొదలైందనడానికి అదే ఆధారం. వారంటీ చివరి రోజుల్లో ఉన్నవాళ్లు ల్యాప్‌టాప్ తీసుకెళ్లడం కుదరకపోయినా కనీసం ఫిర్యాదు నంబర్ తీసుకోవాలి.

ఒకే సమస్య మీద రెండు మూడు జాబ్ షీట్లు ఉంటే "రిపేరుతో పోయే లోపం కాదు" అన్న వాదనకు బలం వస్తుంది. పార్టు మారిస్తే, కొత్త పార్టుకు వారంటీ ఎంతకాలమో కూడా అడిగి రాయించుకోవాలి.

మూత విప్పితే వారంటీ పోతుందా?

ఒకే జవాబు లేదు. కొన్ని కంపెనీలు ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చుకోవడానికి కొనుగోలుదారుకే అనుమతి ఇస్తాయి. కొన్ని స్క్రూల మీద సీలు వేస్తాయి. హీట్ పైపులు తీసి పేస్ట్ మార్చడం మాత్రం బయటివాళ్ల మరమ్మతు కిందికే వస్తుందని ఎక్కువ కంపెనీలు వాదిస్తాయి. తెరిచినందుకే ఆ పార్టు పోయిందా అని కంపెనీని నిలదీయవచ్చు. కానీ అది తర్వాతి పోరాటం. వారంటీ ఉన్నంతకాలం పేస్ట్ మార్పు కూడా సర్వీస్ సెంటర్‌లోనే చేయించి రసీదు తీసుకుంటే ఆ వాదనే రాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొన్ని ఖరీదైన మోడళ్లలో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ వాడతారు. అది కరెంటును ప్రవహింపజేస్తుంది. తెలియక విప్పితే ఒక్క బొట్టు పక్కకు జారినా బోర్డు షార్ట్ అవుతుంది. వారంటీ అయిపోయాక బయట చేయించుకోవడంలో తప్పు లేదు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అనుభవం ఉన్నవాళ్లు దొరుకుతారు. మోడల్ చెప్పి, లోపల ఏముందో తెలుసా అని అడిగాకే ఇవ్వాలి.

కంపెనీ వినకపోతే

మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ఆ వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా రాయొచ్చు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి.

తర్వాత మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబర్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. వీళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. ఆదేశాలు ఇచ్చే అధికారం వీళ్లకు లేదు. అయినా చాలా ఫిర్యాదులు ఈ దశలోనే కదులుతాయి, ఖర్చు కూడా లేదు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులోనో, ఢిల్లీలోనో ఉందని అక్కడికి వెళ్లక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి.

లోపం ఉందా లేదా అన్నది తేల్చడానికి కమిషన్ వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపవచ్చు. పరీక్ష అవసరం లేని కేసును 3 నెలల్లో, అవసరమైతే 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఎక్కువ కాలం పట్టొచ్చు. లోపం రుజువైతే సరిచేయమని, కొత్తది ఇవ్వమని, డబ్బు తిరిగి ఇవ్వమని, నష్టపరిహారం చెల్లించమని ఆదేశించవచ్చు.

ఎడిటింగ్ చేసి సంపాదించుకునే కుర్రాళ్లకు ఒక సందేహం రావొచ్చు. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు కదా? స్వయం ఉపాధితో బతకడానికి కొని, తానే వాడుకునే వ్యక్తిని చట్టం వినియోగదారుగానే చూస్తుంది. బిల్లు సంస్థ పేరున ఉంటే మాత్రం కంపెనీ దీని మీద వాదన లేపొచ్చు. అందుకే బిల్లు సొంత పేరున ఉండటం మేలు.

పొడిగించిన వారంటీ తీసుకోవాలా?

లెక్క చూసుకుంటే తేలుతుంది. 85 వేల ల్యాప్‌టాప్ మూడేళ్లు నడుస్తుందనుకుంటే నెలకు సుమారు 2,361 రూపాయలు పడుతుంది. ఏడాది వారంటీ ముగిసిన నెలకే, అంటే 13వ నెల చివర అది చచ్చిపోతే మిగిలిన 23 నెలల విలువ, దాదాపు 54,300 రూపాయలు నీళ్లలో కలిసినట్టే. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో సీపీయూ, జీపీయూ రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి. ఒకటి పోయినా మొత్తం బోర్డు మార్చాలంటారు, దాని ధర ల్యాప్‌టాప్ ధరలో పెద్ద వాటా. రోజూ గంటల తరబడి భారీ పని చేసేవాళ్లకు కంపెనీ నేరుగా ఇచ్చే పొడిగింపు ఉపయోగమే. షాపువాడు అంటగట్టే మూడో సంస్థ ప్లాన్ అయితే బోర్డు, ఫ్యాన్లు అందులో ఉన్నాయో లేదో చదివి తీసుకోవాలి. చాలా కంపెనీలు పాత వారంటీ నడుస్తున్నప్పుడే పొడిగింపు ఇస్తాయి. అయిపోయాక అడిగితే ప్రయోజనం ఉండదు.

చివరికి ఏమైంది?

టోలీచౌకి విద్యార్థికి జాబ్ షీట్ లేదు. కానీ ఫోన్‌లో పాత ఎస్ఎంఎస్‌లు వెతికితే ఏప్రిల్‌లో కస్టమర్ కేర్‌కు చేసిన ఫిర్యాదు నంబర్ దొరికింది. బయట విప్పించడానికి ముందే, వారంటీ లోపలే వేడి గురించి చెప్పాడని దానితో తేలింది. దాన్ని, ఎక్స్‌పోర్ట్ ఆలస్యం మీద పెళ్లివాళ్లకు ఆ రోజుల్లో పంపిన వాట్సాప్ మెసేజ్‌లను జతచేసి కంపెనీకి రాశాడు, 1915కు ఫోన్ చేశాడు. ఆరు వారాల తర్వాత కంపెనీ దిగి వచ్చింది. సగం ధర తీసుకుని బోర్డు మార్చింది. పూర్తిగా ఉచితం కావాలంటే కమిషన్‌కు వెళ్లాలి. ఆ కుర్రాడు సగానికే ఒప్పుకున్నాడు. అప్పటికే షాదీల సీజన్ సగం పోయింది, ఒప్పుకున్న రెండు పెళ్లిళ్ల పని వేరేవాళ్లకు వెళ్లిపోయింది.

కొత్త బోర్డు వేసిన రోజు కౌంటర్ దగ్గర నిలబడి జాబ్ షీట్‌లో పార్టు నంబరు, దాని వారంటీ తేదీ రాయించుకున్నాడు. ఇంటికి వచ్చి అరగంట టెస్ట్ చేశాడు. ఆ అంకెలు, జాబ్ షీట్ ఫొటో జిద్దాకు పంపాడు. తండ్రి దగ్గర కూడా ఒక కాపీ ఉంది.